లే

ముజాహిద్ సార్ బోర్డు మీద రెండు మాటలు రాసిండు:
లై, లే.
కింద ఇరానీ హోటల్ల ఖీమా వేగుతున్నది.
కిటికీకెదురుగ మెట్రో పోయినప్పుడల్లా
సార్ సుద్దముక్క పట్టుకొని ఆగుతడు.

"లై అంటే తనంతట తాను పండుకునుడు.
లే అంటే ఇంకొకర్ని పండబెట్టుడు."
నేను చెయ్యెత్తిన.
సార్, మా దగ్గర లే అంటే
లేవమనుడు గదా.
క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.
"అందుకే చెప్తున్న కెజియా,
రెండు భాషల నడుమ నిద్రపోకు" అన్నడు.
నైట్ డ్యూటీ దిగి సీదా వచ్చినదాన్ని,
ఎట్ల పోకుంట సార్?

బారో, లెండ్ నాకు ఇప్పటికీ ఒకటే.
తెచ్చినా అప్పే, ఇచ్చినా అప్పే.
సార్ ఇంట్ల, ఉర్దూల కూడ, రెండూ ఉధారేనట.
చెయ్యి ముందుకు చాపి ఒకటి,
వెనక్కి గుంజి ఒకటి చూపించిండు.
"ఇచ్చినోనికి తిరిగి రాకపోతే
దానికేం వర్బు సార్?" అన్నడు ఫహీమ్,
మూసారాంబాగ్ల సెల్లులు బాగుచేస్తడు,
ఊర్కెనే అడిగినట్టు లేడు.

సీ, లుక్, వాచ్ -
మూడింటికి నా దగ్గరున్నది ఒక్క చూసుడే.
కండ్లకు ఆనితే సీ,
కండ్లు తిప్పితే లుక్,
కదలకుండ కూసుంటే వాచ్.
మరి పద్నాలుగో బెడ్డు తాతను
రాత్రంతా చూసుకున్న, అది ఏది?
సార్ తల గోక్కున్నడు.
మెట్రో వచ్చింది, బతికిండు.

ఆ తాత పేరు పెంటయ్య.
మలక్‌పేటల మా దవాఖాన, మూడో అంతస్తు,
షుగరు పుండు, ఎడమ కాలు.
మొన్న రాత్రి రెండింటికి పిలిచిండు.
"బిడ్డా, ఈ మెత్తటిదాని మీద నడుము నిలుస్తలేదు.
నలభై ఏండ్లు లారీ కింద పండుకున్నోన్ని.
జెర కింద పండబెట్టు."
వద్దన్న.
మళ్ళ పిలిచిండు. మళ్ళ వద్దన్న.
మూడోసారి పిలవలేదు,
గోడ దిక్కు తిరిగిండు.
అప్పుడు దుప్పటి పరిచిన,
సెలైన్ స్టాండును దగ్గరికి గుంజిన,
చంకల కింద చేతులేసి దించిన.
తల కింద నా స్వెటర్.
ఆయన గురక మొదలైనంకనే
నాకు భయం మొదలైంది.

ఐదున్నరకు ఫిలోమినా సిస్టర్ రౌండు.
నేల మీద మనిషిని చూసింది, నన్ను చూసింది.
"రిపోర్ట్ రాయి. ఇంగ్లీషుల."

ఫెల్ అని రాస్తే ఎంక్వయిరీ,
బెడ్డు కడ్డీ ఎందుకెత్తలేదంటరు.
లెయిడ్ అని రాస్తే
వాక్యం మొదట్ల నేను నిలవడాలె,
నా ఐడీ కార్డుతోని, నా చెల్లె ఫీజుతోని.
ఇంకోటి ఉన్నది.
లై కి గడిచిన కాలం లే.
సార్ రెండుసార్లు చెప్పిండు, రెండుసార్లు తప్పిన.
లై అంటే అబద్ధమాడుడు కూడ అన్నడు,
దాని గడిచిన కాలం వేరేనట,
అది నేను రాసుకోలేదు.

ది పేషెంట్ లే ఆన్ ది ఫ్లోర్.
తనంతట తాను.
కర్త ఆయన.

సిస్టర్ ఎర్ర పెన్ను మూత తీసింది,
చదివింది,
మూత పెట్టింది.
"ఆర్నెల్లల్ల ఇదే మొదటిసారి, తప్పు లేదు."

ఏడింటికి వార్డుల బ్రెడ్డు బండి తిరుగుతున్నది.
స్వెటర్ కోసం పోయి వంగిన.
లే తాతా, అన్న.
ఆయన లేచి కూసున్నడు, పెద్ద గొంతుతోని,
వార్డంతటికి చెప్పినట్టు:
"ఎన్ని దినాలకు నిద్ర పట్టింది బిడ్డా!
నువ్వు పండబెట్టినవ్ గాబట్టి."

రెండు బెడ్ల అవతల ఫిలోమినా సిస్టర్
ఎవరికో బీపీ చూస్తున్నది.
వినపడిందో, విన్నదో.
పట్టీకి మళ్ళ గాలి కొట్టింది.